లైటు మండ

గుంత కనవడాలంటె ఎక్సిలేటర్ తిప్పాలె.
తిప్పితె గుంతల వడతం.
మల్లేపల్లి తొవ్వల పందొమ్మిదేండ్లు
గిదే లెక్క నాకూ నా ఆల్విన్ పుష్పక్‌కూ.

ఆరు వోల్టుల బండి.
ఇంజను గొంతు లేస్తె వెలుగు లేస్తది,
మలుపుల గేరు దించితె
వత్తి కిందికి గుంజినట్టు ఎర్రగైతది.
క్లారినెట్ ఊదేటోన్ని, నాకు తెల్వదా
ఊపిరి సాలని సురం ఎట్లుంటదో.

బరాతులు ఒడిశి, రాత్రి రెండు గొట్టంగ,
ఎనక సీటు మీద పెద్దనాగయ్య, ఆయన ఒళ్లె డోలు,
నా కాళ్ల నడుమ క్లారినెట్ పెట్టె.
పుష్పక విమానంల ఎందరెక్కినా
ఇంకొకరికి జాగుంటదంటరు గద,
ఆ జాగల చీకటి గూసునేది.

"తొవ్వను సూస్తున్నవా, యాది జేస్కుంటున్నవా?"
నాగయ్య అడిగేది.
యాది జేస్కునుడే.
కొండభీమనపల్లి దాటినంక ఎడమకు రాయి,
మోరి కాడ తారు లేశింది, కుడికి గుంజాలె.

మొన్న మాఘంల మోరి మీద
ఎవరో ఇసుక కుప్ప వోశిండ్రు.
అది నా యాదిల లేదు.
నాగయ్య ఒక పక్క, నేనొక పక్క,
డోలు మాత్రం దొర్లుకుంట దొర్లుకుంట
కాలువ దాంక మోగింది.

దేవరకొండ బస్టాండు ఎనక మహబూబలి
లైటు డోము ఇప్పి ముక్కుకాడ వెట్టుకొని సూశిండు.
లోపల కలాయి వోయిన గిన్నె.
"బల్బు మారిస్తె గాదు మాస్టరూ, రక్తం మార్వాలె."
ప్లేటు బయటికి దీశిండు. కాయిలు ఒక కొస
బాడీకి సాల్దరు జేశి ఉన్నది.
"సూడు, సగం కరెంటు ఇన్నేండ్లు
ఇనుముకు వెట్టి జేశింది."
ఆ కొసను ఇడిపిచ్చిండు, కొత్త తీగ అతికిండు,
రెండింటినీ రెగ్యులేటరుకు పట్టిచ్చిండు,
డిక్కీల పిడికెడంత బ్యాటరీ.
పద్దెనిమిది వందల యాభై.
నాగయ్య సగమిస్తనన్నడు. ఇయ్యలే.

పొద్దుగూకినంక స్టాండు మీదనే కిక్కు గొట్టిండు.
ఇంజను నిమ్మళంగ గురక వెడుతున్నది,
వెలుగు మాత్రం తగ్గలే.
ఎదురు గోడకు సున్నం కింద
ఎప్పటిదో ఓట్ల రాత సుతం బయటవడ్డది.
సంబురమైంది. లోపల్నేమో జెర గుబులు,
శ్రుతిపెట్టెకు కరెంటు వెట్టినట్టు,
ఊపిరితోని పనిలేని సురం.

పాల్గుణంల డిండి కాడ పెండ్లి.
తెల్లారగట్ల తిరిగొస్తుంటె తొవ్వంత నాదే.
కంకర, గడ్డి పోసలు, దూరంగ ఆగిన కుందేలు,
దాని చెవులల్ల నరాలు సుతం ఎర్రగ.
"మన తొవ్వ ఇంత ఎడల్పుందా!" అంటడు నాగయ్య.

ఎదురుంగ ఒక సైకిలు.
హాండిలుకు రెండు ఖాళీ లొట్లు.
మనిషి మోచెయ్యి కండ్లకు అడ్డం వెట్టిండు,
ముంగటి చక్రం అటిటు వొయింది,
తుమ్మకంపలకు దిగి నిలవడ్డడు.
"నీ లైటు మండ!"

లారీలను, సాగర్ బస్సులను
ఇన్నేండ్ల సంది నేను తిట్టిన తిట్టు,
గదే, అచ్చరం మారలే,
అడ్రసు తెల్సుకొని మర్లి వచ్చింది.
"మండుతనే ఉన్నది గద మామా,"
నాగయ్య ఎనక నుంచి.
నేను నవ్వలే.

బొటనవేలు డిప్పరు మీటను ఎతికింది.
పందొమ్మిదేండ్లు దానితోని ఏం పనివడ్డది?
తుప్పు. ఒత్తితె కదల్లే.
గోరు ఇరిగేటట్టు ఒత్తితె టక్కుమన్నది.

వెలుగు తల ఒంచింది.
మొఖం చీకట్లకు వొయింది, కాళ్లు కనవడ్డయి.
చెప్పులు లేవు. ఎడమ మడిమెకు గుడ్డ కట్టు,
కట్టు మీద తడి దుబ్బ.

"పోండ్రి," అన్నడాయన,
లొట్లు తడిమి సూస్కుంట.